జీఎస్ఎస్ఏ అంటే ఉత్త బ్రోకరేనా? చెన్నై ఎయిర్‌పోర్ట్ (మీనంబాక్కం) కార్గోలో 22 ఏళ్ళుగా ఉన్నోడి సమాధానం

కావలి నుంచి ఒక తమ్ముడు అడిగిన ప్రశ్న ఇది. బీకామ్ అయిపోయింది, చెన్నైలో ఒక జీఎస్ఎస్ఏ ఆఫీసులో కార్గో సేల్స్ ఉద్యోగం వచ్చేలా ఉంది, వాళ్ళ మామ మండపీతలు ఎక్స్‌పోర్ట్ చేస్తాడంట, ఆయనేమో "వాళ్ళు మధ్యలో కమిషన్ తినే బ్రోకర్లురా, ఎయిర్‌లైన్ దగ్గరికి నేరుగా పోతే ఇంకా చవగ్గా అయిపోద్ది, దాంట్లో భవిష్యత్తు ఏముంది" అన్నాడంట. చేరాలా వద్దా, అసలు ఈ జీఎస్ఎస్ఏ పని ఏందో చెప్పండన్నా అని అడిగాడు.

తమ్ముడూ, నాది సింగరాయకొండ దగ్గర పల్లె, నేను కూడా నీలాగే డిగ్రీ అయినాక పినాకిని ఎక్కి చెన్నై వచ్చినోణ్ణే. మొదట ఒక ఫార్వార్డర్ దగ్గర, తర్వాత రెండు జీఎస్ఎస్ఏల్లో, మొత్తం 22 ఏళ్ళు. కాబట్టి కొంచెం పెద్దగానే చెప్తా, ఓపిగ్గా చదువు.

ముందు పేరు. జనరల్ సేల్స్ అండ్ సర్వీస్ ఏజెంట్. అందరూ సేల్స్ అనే మాటే వింటారు, సర్వీస్ అనే మాట వినరు, మీ మామ కూడా అంతే విన్నాడు. సంగతేందంటే, ఏ ఎయిర్‌లైన్ అయినా తను వాలే ప్రతి ఊళ్ళో సొంత ఆఫీసు పెట్టి, పదిమంది స్టాఫ్‌ని పెట్టి, అద్దె కట్టి కార్గో అమ్ముకోవాలంటే గిట్టుబాటు కాదు, వారానికి నాలుగు ఫ్లైట్లు వచ్చేచోట అసలే కాదు. అందుకని ఆ ఊళ్ళోనో ఆ దేశంలోనో ఒక కంపెనీని పెట్టుకుని, ఇక్కడ నా తరఫున నువ్వే స్పేస్, అంటే విమానంలో సరుకు పెట్టే జాగా, అమ్ము, నువ్వే రేట్లు చూడు, బుకింగ్ తీసుకో, షెడ్డులో సరుకు సరిగ్గా కట్టారో లేదో చూడు, డబ్బులు వసూలు చెయ్యి, క్లెయిములు వస్తే నువ్వే జవాబు చెప్పు అని అప్పజెప్పుద్ది. ఆ కంపెనీయే జీఎస్ఎస్ఏ. ప్యారిస్ కేంద్రంగా నడిచే ఈసీఎస్ గ్రూప్ లాంటివి ప్రపంచమంతా ఈ పనే చేస్తాయి, మనదేశంలో ఒకటి రెండు ఊళ్ళకే పరిమితమైన చిన్నవి కూడా ఉన్నాయి. కొన్ని ఎయిర్‌లైన్లు అసలు చెన్నైకి రావు, ముంబైకో ఢిల్లీకో మాత్రమే వస్తాయి, వాటికీ చెన్నైలో ఏజెంటు ఉంటాడు, ఇక్కడ సరుకు తీసుకుని బాండెడ్ ట్రక్కులోనో (కస్టమ్స్ సీలు వేసిన బండి) వేరే విమానంలోనో అక్కడికి చేరుస్తాడు. ఆఫ్‌లైన్ స్టేషన్ అంటారు దాన్ని.

ఇప్పుడు మీ మామ అన్న మాటకి వస్తా. నేరుగా ఎయిర్‌లైన్ దగ్గరికి పోతా అంటే, పోయి ఆ ఎయిర్‌లైన్ వెబ్‌సైట్‌లో చెన్నై కార్గో ఆఫీసు నంబరు చూడమను. చాలా వాటికి అక్కడ ఉండేది జీఎస్ఎస్ఏ నంబరే. అంటే ఆయన నేరుగా పోయినా వచ్చేది మా దగ్గరికే. ఎందుకంటే ఇక్కడ ఎయిర్‌లైన్ అంటే మేమే. మధ్యలో ఇంకొకడు ఉన్నాడనుకోవడం పొరపాటు.

మధ్యలో ఉండేది ఫార్వార్డర్, ఆయన వేరు. ఇది బాగా అర్థం చేసుకో, ఇంటర్వ్యూలో కూడా అడుగుతారు. ఫార్వార్డర్ ఎక్స్‌పోర్టర్ మనిషి. మామలాంటి పదిమంది సరుకు పోగేసి, మా దగ్గర స్పేస్ కొని, వాళ్ళకి అమ్ముతాడు, కొన్న రేటుకీ అమ్మిన రేటుకీ మధ్య తేడా ఆయనది. పాత పద్ధతిలో అయితే ఐయాటా (ప్రపంచ ఎయిర్‌లైన్ల సంఘం) గుర్తింపు ఉన్న ఏజెంటుకి 5 శాతం కమిషన్ ఉండేది, ఇప్పుడు ఎక్కువగా కమిషన్ లేని నెట్ రేట్ల మీదే నడుస్తంది. కస్టమ్స్ బ్రోకర్, మనం ఇంకా సీహెచ్ఏ అనే పిలుస్తాం, ఆయన షిప్పింగ్ బిల్లు అనే ఎగుమతి పత్రం వేసి కస్టమ్స్ దాటించేవాడు. షెడ్డులో సరుకు దించి, ఎక్స్‌రే చేసి, విమానంలోకి ఎక్కించే ప్యాలెట్ అనే రేకు పలక మీద కట్టేది టెర్మినల్ వాళ్ళూ గ్రౌండ్ హ్యాండ్లర్లూ, చెన్నైలో కార్గో కాంప్లెక్స్ ఎయిర్‌పోర్ట్స్ అథారిటీ (ఏఏఐ) వాళ్ళ ఏఏఐక్లాస్ కంపెనీ నడుపుద్ది. జీఎస్ఎస్ఏ మాత్రం ఎయిర్‌లైన్ మనిషి. మా ఆదాయం ఎయిర్‌లైన్ ఇచ్చే కమిషన్, అమ్మినదాంట్లో ఇంత శాతం అని, టార్గెట్ దాటితే ఇంకొంచెం. ఆ కమిషన్ చివరికి రేటులోనే కలిసి ఉంటదిగా అంటావా, ఉంటది, కాదనను. ఎయిర్‌లైన్ సొంత ఆఫీసు పెట్టుకున్నా ఆ ఖర్చు కూడా రేటులోనే ఉంటది, అదింకా ఎక్కువ అవుద్ది.

ఇంకోటి, బ్రోకర్‌కీ మాకూ అసలు తేడా డబ్బు దగ్గర వస్తది. బ్రోకర్ బేరం కుదిర్చి తన వాటా తీసుకుని పోతాడు. మాకు అట్లా కుదరదు. ఐయాటా వాళ్ళ కాస్ అనే సెటిల్‌మెంట్ పద్ధతిలో ఉన్న ఎయిర్‌లైన్ అయితే ఫార్వార్డర్లు కట్టే డబ్బు దాని ద్వారా పోద్ది, అందులో లేని ఎయిర్‌లైన్ అయితే మేమే బిల్లులు వేసి, మేమే వసూలు చేసి, ఎయిర్‌లైన్‌కి గడువులోగా కట్టాల. ఫార్వార్డర్ ఎగ్గొట్టినా సరే మేం కట్టాల్సిందే, బ్యాంకు గ్యారంటీ ముందే ఇచ్చి ఉంటాం కాబట్టి. ఒక ఫార్వార్డర్ మూసేసుకుని పోతే మా పాత ఆఫీసులో మూడు నెలలు జీతాలు ఆలస్యం అయ్యాయి, ఆ సంవత్సరం మా అమ్మాయి స్కూలు ఫీజు అప్పు చేసి కట్టా. ఎవడికి ఎంత క్రెడిట్ ఇవ్వాలో తేల్చుకోవడమే ఈ పనిలో సగం తెలివి.

సరే, సర్వీస్ అనే మాటలో ఏముందో ఇప్పుడు చెప్తా, ఎక్కువ చెప్పాల్సింది ఇక్కడే ఉంది.

మన ప్రాంతం నుంచి విమానం ఎక్కేది ఏంది? చీమకుర్తి గ్రానైట్ ఓడలో పోద్ది, ఫ్రోజెన్ రొయ్య కూడా కంటైనర్లో ఓడలోనే. విమానంలో పోయేది ప్రాణం ఉన్నదీ, ఆగలేనిదీ. మండపీతలు అన్నిటికన్నా ముందు. ముత్తుకూరు, కొత్తపట్నం, పులికాట్ చుట్టుపక్కల పట్టినవి, కాళ్ళు తాడుతో కట్టి, తడి గోనె వేసి పెట్టెల్లో పెట్టి, నెల్లూరు నుంచి మధ్యాహ్నం బండి బయల్దేరితే నాయుడుపేట, సూళ్ళూరుపేట, తడ దాటుకుంటా సాయంత్రానికి మీనంబాక్కం, రాత్రి ఫ్లైట్, తెల్లారేసరికి సింగపూరో కౌలాలంపూరో, అక్కడి నుంచి ఇంకా ముందుకి. ఈ గొలుసులో ఒక్క చోట తప్పి ఆలస్యం పెరిగితే సరుకు చావడం మొదలవుద్ది. చచ్చిన పీతకి కిలో రేటు సున్నా. మీ మామకి ఇది నేను చెప్పనక్కర్లా.

ఇక్కడ సర్వీస్ ఏజెంటు ఏం చేస్తాడంటే, మొదట బరువు లెక్క. ఎయిర్ కార్గోలో పొడవు, వెడల్పు, ఎత్తు సెంటీమీటర్లలో గుణించి 6000తో భాగిస్తే వచ్చేది వాల్యూమ్ బరువు, అదీ కాటా బరువూ రెండిట్లో ఏది ఎక్కువైతే దానికే డబ్బు. 60, 45, 40 సెంటీమీటర్ల పెట్టె అనుకో, 18 కిలోల వాల్యూమ్ వస్తది. లోపల పీతలతో కలిపి కాటా మీద 14 కిలోలే ఉంటే, 50 పెట్టెలకి కాటా బరువు 700, డబ్బు కట్టేది 900 కిలోలకి. 200 కిలోల గాలికి డబ్బు కడతన్నట్టు. అదే పెట్టె ఎత్తు 5 సెంటీమీటర్లు తగ్గిస్తే 900 కాస్తా దాదాపు 788కి దిగుద్ది. ఇది ఎక్స్‌పోర్టర్‌కి చెప్పేవాడు ఉండాల. మా ఎయిర్‌లైన్‌కి ఆదాయం తగ్గుద్ది గదా ఎందుకు చెప్పడం అంటావేమో, ఆ మిగిలిన జాగాలో ఇంకొకరి సరుకు పడద్ది, పైగా ఆ ఎక్స్‌పోర్టర్ మళ్ళీ మన దగ్గరికే వస్తాడు. రేట్ల మెట్లు కూడా అట్లాంటివే. 45 కిలోల పైన ఒక రేటు, 100 పైన ఒకటి, 300, 500 అట్లా దిగతా పోతాయి. 80 కిలోలు ఉంది, 45 మెట్టులో కిలో 200 అనుకో, 16000 అవుద్ది, అదే 100 మెట్టు రేటు 150 అయితే 100 కిలోలుగా చూపించి 15000 కట్టొచ్చు, రూల్ ప్రకారమే. కొత్త ఎక్స్‌పోర్టర్లకి ఇది తెలీదు. ఈ లెక్కలు నాలుగు రోజుల్లో నేర్చుకుంటావు, ఎయిర్‌వే బిల్లు, అంటే సరుకు రవాణా పత్రం, దాని నంబరు కూడా అంతే. ముందు మూడంకెలు ఎయిర్‌లైన్‌వి, ఎమిరేట్స్ 176, సింగపూర్ 618, ఎయిరిండియా 098. తర్వాత 8 అంకెలు, అందులో మొదటి ఏడింటిని 7తో భాగిస్తే మిగిలేదే ఎనిమిదోది. 1234567 అయితే మిగిలేది 5. ఫోన్లో నంబరు తప్పు చెప్తే దీంతోనే పట్టుకుంటాం.

తర్వాత సరుకు స్వభావం. పీతల పెట్టె మీదా చేపల పెట్టె మీదా పాడైపోయే సరుకు అనే రాసి ఉంటది, రెండిటినీ ఒకే కోల్డ్ రూములో తోసేస్తే పీతలు తెల్లారేసరికి పోతాయి, మరీ చల్లదనం వాటికి ఆగదు. ఎండలో విమానాలు ఆగే టార్మాక్ మీద ప్యాలెట్ ఎక్కువసేపు ఉంచినా పోతాయి. ఎక్కడ పెట్టాలో, ఎప్పుడు బయటికి తియ్యాలో షెడ్డు సూపర్‌వైజర్‌కి చెప్పి, నిలబడి చూసేది మనమే. డ్రై ఐస్ వాడితే అది డేంజరస్ గూడ్స్ కిందికి వస్తది, దాని నంబరు యూఎన్ 1845, ఎన్ని కిలోలు ఉందో రాయాల, విమానానికి ఇంతే అని పరిమితి ఉంటది. ప్రాణం ఉన్నదాని పక్కన డ్రై ఐస్ అసలు పెట్టనియ్యకూడదు, దాంట్లోంచి వచ్చే గ్యాస్‌కి అవి ఊపిరాడక చస్తాయి.

దిగుమతి వైపు కూడా ఒకటి చెప్తా, ఇది మన తీరంలో హేచరీల వాళ్ళకి బాగా తెలుసు. వనామీ తల్లిరొయ్యలు హవాయి, ఫ్లోరిడా నుంచి విమానంలోనే చెన్నై వస్తాయి, ఇక్కడ నీలాంకరై క్వారంటైన్‌లో ఉంచి పరీక్షలు అయినాకే హేచరీలకి ఇస్తారు. మన కందుకూరు, కావలి, అల్లూరు వైపు చెరువుల్లో పడే వనామీ పిల్ల చాలావరకు అట్లా వచ్చిన తల్లుల సంతానమే. రోజు పైన ప్రయాణం, మధ్యలో ఒకటో రెండో చోట్ల విమానం మారడం. కనెక్షన్ తప్పితే ఆ ఊళ్ళో ఉన్న మన ఎయిర్‌లైన్ మనిషిని అర్ధరాత్రి లేపి పెట్టెలు చల్లగా ఉన్నాయా, తర్వాత ఏ ఫ్లైట్ అని అడిగేది, ఇక్కడ హేచరీ ఆయనకి ముందే కబురు చెప్పేది జీఎస్ఎస్ఏ వాడే. ఒక్కో తల్లిరొయ్య ఖరీదు ఎంతో తెలిసినోడికి ఆ ఫోన్ విలువ తెలుస్తది.

ఇప్పుడు నా సొంత సంగతి ఒకటి చెప్తా, ఎందుకంటే ఈ ఉద్యోగం ఏందో నాకు అర్థమైంది దాంతోనే.

2006లో, నేను కొత్త. అప్పుడు పనిచేసిన ఆఫీసులో మేనేజరు ఒకటే మాట చెప్పేవాడు, ఎవరు అడిగినా కన్ఫర్మ్ అని చెప్పు, సరుకు ముందు షెడ్డుకి రానియ్, తర్వాత చూసుకుందాం అని. వేరే ఏజెంటు దగ్గరికి పోనియ్యకుండా అదొక ఎత్తు. చైనా కొత్త సంవత్సరం ముందు వారం, పీతలకి ఏడాదిలో అన్నిటికన్నా మంచి రేటు ఉండే రోజులు. కొత్తపట్నం వైపు ఒకాయన, చిన్న ఎక్స్‌పోర్టర్, సొంత బండి కూడా లేదు, 600 కిలోలు బుక్ చేశాడు. సిస్టంలో ఆ బుకింగ్ వెయిట్‌లిస్ట్‌లో ఉంది. నాకు కనపడతానే ఉంది. ఆయన ఫోన్ చేసి "అబ్బయ్యా, బండి ఎత్తమంటావా" అన్నాడు. నేను కన్ఫర్మ్ అన్నా, ఎత్తండి అన్నా.

రాత్రి పదకొండున్నరకి ఆఫ్‌లోడ్ అయింది, అంటే సరుకు విమానం ఎక్కలేదు. తర్వాతి రోజు కూడా ఫుల్లు. మూడో రోజుకి పెట్టెలు తెరిస్తే వాసన. ఆయన షెడ్డు బయట కూర్చుని ఏమీ అనలేదు, తిట్టినా బాగుండేది. ఆ సరుకు పట్టిన జాలర్లకి ఆయన డబ్బు ముందే ఇచ్చేసి ఉన్నాడు. క్లెయిమ్ వేద్దామంటే పాడైపోయే స్వభావం సరుకుదే, ప్యాకింగ్ నీదే అని ఎయిర్‌లైన్ నుంచి లెటర్ వచ్చింది. తర్వాతి సీజన్‌కి ఆయన ఈ వ్యాపారంలో లేడు. ఆ ఫోన్లో కన్ఫర్మ్ అన్నది నా గొంతు, మేనేజరు గొంతు కాదు.

అందుకే చెప్తన్నా, జీఎస్ఎస్ఏ అమ్మేది స్పేస్ కాదు తమ్ముడూ, మాట. విమానం ఎయిర్‌లైన్‌ది, షెడ్డు ఇంకొకరిది, సరుకు మూడో మనిషిది, మన సొంతం అంటూ ఉన్నది ఆ ఫోన్లో చెప్పే మాట ఒక్కటే. స్పేస్ ఉంటే ఉందనాల, వెయిట్‌లిస్ట్ అయితే వెయిట్‌లిస్ట్ అనాల, వేరే ఎయిర్‌లైన్‌లో చూసుకోండి అని కూడా అనాల, ఆ రోజు బిజినెస్ పోయినా సరే.

2012లో ఇంకో ఆఫీసులో ఉన్నప్పుడు అట్లాంటి రాత్రే మళ్ళీ వచ్చింది. సాయంత్రం ఏడింటికి మెసేజ్, పెద్ద విమానం బదులు చిన్నది వస్తంది, ప్యాలెట్లు పట్టవు, విడి పెట్టెలుగా 1100 కిలోలు మాత్రమే తీసుకుంటాం అని. మా దగ్గర పీతలు 1600 కిలోలు, ఇంకా గార్మెంట్స్, లెదర్ ఉన్నాయి. ముందు గార్మెంట్స్ ఫార్వార్డర్‌కి ఫోన్ చేసి రేపటికి మార్చుకుంటారా అని బతిమాలా, ఆయన మంచోడు, ఒప్పుకున్నాడు, లెదర్ ఎట్లాగూ ఆగగలదు. పీతల ఎక్స్‌పోర్టర్లు ముగ్గురికీ ఏడున్నరకే ఉన్నది ఉన్నట్టు చెప్పా. ఒకాయన బండి ఇంకా గుమ్మిడిపూండి దగ్గర ఉంది, ఆయన 500 కిలోలు వేరే ఎయిర్‌లైన్ ఏజెంటు దగ్గర, అంటే మా పోటీవాడి దగ్గర, నేనే మాట్లాడి పెట్టిచ్చా. కొత్త ఎయిర్‌వే బిల్లు, కస్టమ్స్‌లో మార్పు, సీహెచ్ఏ కుర్రాడు పరిగెత్తా పరిగెత్తా చేయించాడు. ఒంటిగంటకి రెండు విమానాలూ లేచాయి. మా ఎయిర్‌లైన్ రీజనల్ ఆఫీసు నుంచి పొద్దున్నే అడిగారు, మన సరుకు పోటీవాడికి ఎందుకిచ్చావని. ఆ ముగ్గురు ఎక్స్‌పోర్టర్లూ ఇప్పటికీ మాతోనే ఉన్నారు, అదే నా జవాబు.

క్లెయిములు అన్నా గదా, మీ మామకి పనికొచ్చేది ఒకటి చెప్తా, చాలామందికి తెలీక డబ్బు పోగొట్టుకుంటారు. మాంట్రియల్ కన్వెన్షన్ 1999 అని ఉంది, మనదేశం 2009లో చేరింది. సరుకు దెబ్బతింటే అందుకున్న 14 రోజుల్లోపు రాతపూర్వకంగా కంప్లయింట్ పెట్టాల, ఆలస్యం అయితే 21 రోజుల్లోపు. ఫోన్లో చెప్పింది, వాట్సాప్‌లో అరిచింది లెక్కలోకి రాదంటారు, రాతలో పెట్టి అందినట్టు తీసుకోవాల. కోర్టుకి పోవాలంటే రెండేళ్ళు గడువు. ఎయిర్‌లైన్ ఇచ్చేదానికి కూడా పరిమితి ఉంది, కిలోకి ఇంత ఎస్‌డీఆర్ అని, 2019 డిసెంబర్ నుంచి 22 ఉండేది, 2024 డిసెంబర్ 28 నుంచి 26 చేశారు. ఎస్‌డీఆర్ అంటే ఐఎంఎఫ్ లెక్క, దాన్ని రూపాయల్లోకి మారుస్తారు. ఖరీదైన సరుకైతే ముందే విలువ ప్రకటించుకోవాల, లేకపోతే ఇన్సూరెన్స్ చేసుకోవాల. పీతలకి మాత్రం ఇన్సూరెన్స్ షరతులు ఒకటికి రెండుసార్లు చదవమను, చావు అనేది అందులో ఉందో లేదో.

కోవిడ్ అప్పుడు ఏమైందో కూడా వినుంటావు. 2020 జనవరి చివర్లో చైనా ఆర్డర్లు ఆగిపోయాయి, పట్టిన పీతలు పట్టినట్టే ఇక్కడి రేటుకి తెగనమ్ముకున్నారు. మార్చిలో ప్యాసింజర్ విమానాలు మొత్తం ఆగిపోయాయి. ప్రపంచంలో ఎయిర్ కార్గో జాగాలో దాదాపు సగం ప్యాసింజర్ విమానాల పొట్టలోనే ఉంటది, అది ఒక్కసారిగా మాయమయ్యేసరికి రేట్లు ఆకాశానికి పోయాయి. ఆ టైంలో సీట్ల మీద కూడా పెట్టెలు కట్టి పంపాం, మందులు, మాస్కులు. చార్టర్లు కుదర్చడం, పర్మిషన్లు తేవడం, రాత్రీ పగలూ తేడా లేదు. ఎయిర్‌లైన్ల సొంత స్టాఫ్‌ని చాలాచోట్ల తగ్గించారు, అప్పట్నుంచి జీఎస్ఎస్ఏల మీద ఆధారపడటం ఇంకా పెరిగిందని నాకు కనపడతంది.

యాప్‌లు వచ్చాయి గదా, వెబ్‌కార్గో, కార్గో డాట్ వన్ లాంటివి, ఫార్వార్డర్ తనే రేటు చూసి బుక్ చేసుకుంటాడు, ఇంక మనిషి ఎందుకు అని కూడా నీకు అనుమానం రావచ్చు. మామూలు సరుకుకి నిజమే, ఫోన్లు తగ్గాయి, 2019 నుంచి ఈ-ఎయిర్‌వే బిల్లే మామూలు పద్ధతి అయ్యి కాగితం కూడా తగ్గింది. కానీ విమానం మారినప్పుడు ఎవరి సరుకు ఆపాలో, ఎవరికి ముందు ఫోన్ చెయ్యాలో యాప్ చెప్పదు. ప్రాణం ఉన్న సరుకు, మందులు, పెద్ద మిషన్లు, ఇవి చేసేవాళ్ళకి పని ఉంటది. ఉత్త రేట్లు ఫార్వార్డ్ చేసేవాళ్ళకి కష్టం, అది ముందే చెప్తన్నా.

ఇంక నీ సంగతి. చేరు. కానీ చేరేముందు ఇంటర్వ్యూలో నువ్వు కూడా అడుగు. ఏ ఎయిర్‌లైన్లు ఉన్నాయి, వాటిలో చెన్నైకి నేరుగా వచ్చేవి ఎన్ని, అగ్రిమెంటు ఎన్నేళ్ళది. ఎందుకంటే ఎయిర్‌లైన్ నోటీసు ఇచ్చి ఏజెంటుని మార్చేస్తే ఆ టీం మొత్తానికి పని పోద్ది, ఒకే ఎయిర్‌లైన్ మీద బతికే ఆఫీసులో చేరితే ఆ భయం ఎప్పుడూ ఉంటది. మొదటి ఏడాది సేల్స్ కావాలని పట్టుబట్టొద్దు, ఆపరేషన్స్‌లో వెయ్యమని అడుగు. రాత్రి షిఫ్టులు ఉంటాయి, ఎయిర్‌పోర్ట్ పాస్ చేయిస్తారు, షెడ్డులో నిలబడి ప్యాలెట్ కట్టడం చూడు, 318కి 244 సెంటీమీటర్ల ప్యాలెట్ మీద ఎంత పడుద్దో కంటితో చెప్పగలిగినోడికి సేల్స్ దానంతట అదే వస్తది. డేంజరస్ గూడ్స్ కోర్సు కంపెనీతోనే చేయించుకో, రెండేళ్ళకోసారి మళ్ళీ రాయాల. తమిళం రెండు నెలల్లో వచ్చేస్తది, షెడ్డులో లోడర్లతో తమిళంలో మాట్లాడకపోతే పని జరగదు. పల్లావరంలో రూము తీసుకుంటే దగ్గర.

మీ మామకి ఒక మాట చెప్పు. మా దగ్గర చిన్న ఎక్స్‌పోర్టర్లకి నేరుగా అమ్మడం తక్కువ, ఐయాటా ఫార్వార్డర్ ద్వారానే రమ్మంటాం, అది రూలు కోసం, డబ్బు భద్రత కోసం. కానీ ఆయన తన ఫార్వార్డర్‌ని ఒకటి అడగొచ్చు, నా బుకింగ్ కన్ఫర్మ్ అయినట్టు ఎయిర్‌లైన్ ఏజెంటు నుంచి వచ్చిన మెయిల్ చూపించు అని. బండి నెల్లూరు దాటకముందే అడగమను. దగదర్తిలో ఎయిర్‌పోర్టు వస్తదని ఎప్పట్నించో వింటన్నాం, అది వచ్చిందాకా ఆయన పీతలు తడ దాటాల్సిందే, ఆ మెయిల్ చేతిలో ఉంటే కనీసం దారిలో కంటికి కునుకు పడద్ది.